టెక్నాలజీ గురించి మంచి ఇంగ్లీషులో మాట్లాడాలంటే: బెంగళూరు తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మారతహళ్ళిలో ఆదివారం పొద్దునపూట కొంతమందిమి కూర్చుని ఇంగ్లీషు మాట్లాడుకుంటాం. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు వైపు నుంచి వచ్చి వైట్‌ఫీల్డ్‌లోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో ఉద్యోగం చేసుకుంటున్నవాళ్ళు. ఇంగ్లీషు రానివాళ్ళంటూ ఎవరూ లేరు. పని జరిగిపోయేంత ఇంగ్లీషు అందరికీ ఉంది. చిక్కల్లా మీటింగులో అనుకున్నది అనుకున్నట్టు చెప్పాల్సి వచ్చినప్పుడే. అక్కడ మళ్ళీమళ్ళీ వచ్చే ప్రశ్నలు, వాటికి మేం చెప్పే జవాబులు ఇవి.

అడ్వాన్స్‌డ్ వొకాబులరీ అంటే జీఆర్‌ఈకి బట్టీపట్టిన పదాలేనా?

ఆ పదాల జోలికి పోనక్కర్లేదు. "ఎవ్రీవేర్" అనాల్సిన చోట "యుబిక్విటస్" అన్నంత మాత్రాన మీ మాటకు కొత్తగా వచ్చే బలమేమీ ఉండదు. ఆఫీసులో పనికొచ్చేది తేడా చెప్పగలిగే మాట. సర్వర్ నెమ్మదిగా ఉందా, ఉండుండి ఆగుతోందా, పూర్తిగా పడిపోయిందా అన్నది ఒక్క మాటలో చెప్పగలిగితే అవతలివాళ్ళు మిమ్మల్ని తిరిగి నాలుగు ప్రశ్నలు అడగక్కర్లేదు. ఈ పేజీలో ఉన్న మాటలన్నీ ఆ లెక్కన ఏరుకున్నవే.

నోరు తెరిస్తే "ఇష్యూ ఉంది" తప్ప ఇంకేం రావట్లేదు. ఏం చేయాలి?

ఇది అందరి గోడూ. మాకు చూపించే మెసేజుల్లో చాలావరకు ఇలా ఉంటాయి: "దేర్ ఈజ్ సమ్ ఇష్యూ ఇన్ పేమెంట్ పేజ్, ప్లీజ్ చెక్." చదివినవాళ్ళకు తెలిసింది ఏమిటి? ఏదో బాగాలేదని. ఎప్పుడు, ఎవరికి, ఎంతమేరకు, మళ్ళీ చేసి చూస్తే మళ్ళీ వస్తోందా అన్నవి తెలియలేదు. అదే సంగతిని ఇలా రాయొచ్చు: "ది పేమెంట్ పేజ్ ఫెయిల్స్ ఇంటర్మిటెంట్లీ ఆన్ ఆండ్రాయిడ్. ఐ కెన్ రీప్రొడ్యూస్ ఇట్ ఓన్లీ ఆన్ మొబైల్ డేటా." ఇందులో కొత్త మాటలు రెండే. "ఇంటర్మిటెంట్లీ" అంటే ఒకసారి వస్తూ ఒకసారి రాకుండా. "రీప్రొడ్యూస్" అంటే అదే తప్పును మనం కావాలని మళ్ళీ తెప్పించగలగడం. ఈ రెండో మాట వాడారంటే మీరు కూర్చుని పరీక్షించి చూశారని అవతలివాళ్ళకు అర్థమవుతుంది, మీ మెసేజికి విలువ పెరుగుతుంది.

ఇక "ఇష్యూ" స్థానంలో ఏం వాడాలన్నది జరిగినదాన్ని బట్టి ఉంటుంది. కాసేపు కనిపించి దానంతటదే పోయేది "గ్లిచ్". కోడ్‌లో ఉన్న తప్పు "బగ్". సర్వీసు మొత్తం పడిపోతే "అవుటేజ్". నడుస్తోంది కానీ ఈడ్చుకుంటూ నడుస్తోందంటే "డిగ్రేడెడ్ పెర్ఫార్మెన్స్". ఒకసారి పాసై, ఏమీ మార్చకుండానే మరోసారి ఫెయిలయ్యే టెస్టును "ఫ్లేకీ" అంటారు. సర్వీసు ఆగి ఉన్న సమయం "డౌన్‌టైమ్". దీన్ని లెక్కగట్టేటప్పుడు "త్రీ నైన్స్", "ఫోర్ నైన్స్" అనే మాటలు వినిపిస్తాయి. 99.9 శాతం పనిచేస్తుందని మాటిస్తే ఏడాదికి దాదాపు 8 గంటల 45 నిమిషాలు ఆగినా మాట తప్పినట్టు కాదు. 99.99 అంటే దాదాపు 52 నిమిషాలే. ఒక్క తొమ్మిది పెరిగినందుకు ఖర్చు ఎందుకు అంత పెరుగుతుందో మీ మేనేజరుకు చెప్పడానికి ఈ లెక్క చాలు.

"బగ్" అనే మాట 1947 సెప్టెంబర్ 9న హార్వర్డ్ మార్క్ 2 యంత్రంలో దొరికిన చిమ్మట పురుగుతో పుట్టిందని చాలామంది చెబుతారు. పురుగు దొరికిందీ నిజమే, దాన్ని లాగ్‌బుక్‌లో అంటించిందీ నిజమే. మాట మాత్రం అంతకుముందే ఉంది. ఎడిసన్ 1878లో రాసిన ఉత్తరంలోనే యంత్రాల్లోని లోపాలను బగ్స్ అన్నాడు.

పెద్ద గొడవ జరిగినప్పుడు దాని గురించి వరసగా చెప్పడానికి ఏ మాటలు కావాలి?

జరిగిన గొడవ ఒకటి తీసుకుని చెప్పుకోవడం మేలు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక అప్‌డేట్‌లో లోపం వల్ల లోకమంతా విండోస్ యంత్రాలు నీలి తెర వేసుకుని కూర్చున్నాయి. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం అవి 85 లక్షలు. మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇవ్వాల్సి వచ్చింది.

మొదటి వాక్యం: "ఎ ఫాల్టీ అప్‌డేట్ వాజ్ రోల్డ్ అవుట్." కొత్తదాన్ని జనంలోకి వదలడం "రోల్ అవుట్". ఒకేసారి అందరికీ వదలకుండా కొందరికి ఇచ్చి, చూసి, మిగతావాళ్ళకు ఇస్తే "స్టేజ్‌డ్ రోలవుట్". ఆ రోజు ఆ అప్‌డేట్‌కు లేకపోయింది అదే. రెండో వాక్యం: "ఇట్ వాజ్ రివర్టెడ్ ఇన్ 78 మినిట్స్." అంటే 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు. మరి గొడవ రోజుల తరబడి ఎందుకు సాగింది? అప్పటికే పడిపోయిన యంత్రాలు కొత్త అప్‌డేట్ తీసుకునే స్థితిలో లేవు, వాటిలో చాలావాటి దగ్గరికి మనిషి వెళ్ళి చేత్తో సరిచేయాల్సి వచ్చింది. కాబట్టి మూడో వాక్యం: "రికవరీ వాజ్ లార్జ్‌లీ మాన్యువల్." ఒక తప్పు ఎంతమేర నష్టం చేయగలదో చెప్పే మాట "బ్లాస్ట్ రేడియస్". ఇది బాంబుల భాషలోంచి వచ్చింది. అసలు కారణం "రూట్ కాజ్". అంతా సద్దుమణిగాక ఏం జరిగిందో రాసుకునేది "పోస్ట్‌మార్టమ్". ఈ మాట వినగానే మనకు ఆసుపత్రి గుర్తొస్తుంది గానీ ఐటీలో దీనికి అలాంటి వాసన లేదు. ముందు "బ్లేమ్‌లెస్" చేర్చారంటే, ఫలానావాడిదే తప్పు అని వేలు చూపకుండా రాయాలని అర్థం.

మిటిగేట్, రిజాల్వ్, వర్కరౌండ్: మూడూ సరిచేయడమేగా?

సరిచేయడం "రిజాల్వ్" ఒక్కటే. "మిటిగేట్" అంటే నష్టం తగ్గించడం, కారణం అలాగే ఉండొచ్చు. "వర్కరౌండ్" అంటే చుట్టుదారి. రాత్రి సర్వర్ రీస్టార్ట్ చేసి "రిజాల్వ్‌డ్" అని రాసి పడుకుంటే పొద్దున అదే టికెట్ (సమస్యను నమోదు చేసే చీటీ) మళ్ళీ తెరుచుకుంటుంది. "మిటిగేటెడ్, రూట్ కాజ్ అండర్ ఇన్వెస్టిగేషన్" అని రాస్తే ఎవరూ ఏమీ అనరు.

లేటెన్సీ, బ్యాండ్‌విడ్త్, త్రూపుట్ మధ్య తేడా ఎప్పుడూ కలగాపులగం అవుతుంది.

నెట్ స్లో అనేటప్పుడు మనం ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేస్తాం. "బ్యాండ్‌విడ్త్" అంటే ఒక సెకనులో గరిష్ఠంగా ఎంత డేటా పట్టగలదన్నది. "త్రూపుట్" అంటే నిజంగా ఎంత వెళ్తోందన్నది. "లేటెన్సీ" అంటే ఒక చిన్న సందేశం వెళ్ళి జవాబు రావడానికి పట్టే ఆలస్యం. మొదటిది డబ్బు పెట్టి పెంచుకోవచ్చు. చివరిదానికి ఒక హద్దు ఉంది, ఎంత డబ్బు పోసినా దాన్ని దాటలేం.

ఎందుకంటే, గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే పోతుంది. బెంగళూరు నుంచి న్యూయార్క్ 13 వేల కిలోమీటర్ల పైచిలుకు. తీగ తిన్నగా వేసినా పోయి రావడానికి 130 మిల్లీసెకన్లు తప్పవు. నిజానికి తీగలు సముద్రాల చుట్టూ తిరిగి వెళ్తాయి, దారిలో రౌటర్లు ఉంటాయి, కాబట్టి ఇంకా ఎక్కువే పడుతుంది. అందుకే క్లయింట్ "వీ హ్యావ్ వన్ జీబీపీఎస్, వై ఈజ్ ఇట్ స్లో?" అని అడిగితే చెప్పాల్సిన జవాబు: "బ్యాండ్‌విడ్త్ ఈజ్ నాట్ ది బాటిల్‌నెక్, లేటెన్సీ ఈజ్." ఎక్కడ ఇరుకై మిగతా అంతా ఆగిపోతోందో ఆ చోటు "బాటిల్‌నెక్". సిల్క్ బోర్డ్ జంక్షన్ దాటేవాళ్ళకు ఆ మాట విప్పి చెప్పక్కర్లేదు.

మాటకు జత మాట కూడా చూసుకోండి. లేటెన్సీ "హై" లేదా "లో" అవుతుంది. "ఫాస్ట్ లేటెన్సీ" అనరు. "రెడ్యూస్ లేటెన్సీ", "ఇంప్రూవ్ త్రూపుట్" అంటారు. విడి పదాలు నేర్చుకుని ఈ జతలు వదిలేస్తే ఇంగ్లీషు అతుకులబొంతలా ఉంటుంది.

లెగసీ, డెప్రికేటెడ్, ఆబ్సొలీట్ ఒకటేనా?

"లెగసీ సిస్టమ్" పాతదే కానీ ఇంకా పనిచేస్తోంది, పైగా కంపెనీ దానిమీదే బతుకుతూ ఉండొచ్చు. "డెప్రికేటెడ్" అంటే ఇప్పటికి పనిచేస్తుంది, కొత్తగా వాడొద్దు, ముందు ముందు తీసేస్తాం అని చెప్పడం. "ఆబ్సొలీట్" అంటే దాని కాలం అయిపోయింది. తయారుచేసినవాళ్ళు చేతులు దులుపుకునే తేదీ "ఎండ్ ఆఫ్ సపోర్ట్": విండోస్ 10కి అది 2025 అక్టోబర్ 14. ఫ్లాష్ ప్లేయర్‌కు 2020 డిసెంబర్ 31. ఒక ఉత్పత్తిని మెల్లగా మూసేయడాన్ని "సన్‌సెట్" అని క్రియగా వాడతారు: "వీ ఆర్ సన్‌సెటింగ్ ది ఓల్డ్ యాప్." అన్నట్టు, "డెప్రికేట్"ను "డెప్రిషియేట్" అనకండి. రెండోది కారు విలువ ఏటేటా తగ్గడానికి వాడే మాట.

సాఫ్ట్‌వేర్స్, కోడ్స్, ఫీడ్‌బ్యాక్స్ అనొచ్చా?

అనకూడదు. సాఫ్ట్‌వేర్, హార్డ్‌వేర్, ఫీడ్‌బ్యాక్, ఎక్విప్‌మెంట్, ఇన్ఫర్మేషన్ ఇవన్నీ ఇంగ్లీషులో లెక్కపెట్టలేనివి. తెలుగులో "కోడ్లు రాశాను" అన్నా చెల్లుతుంది గానీ, ఇంగ్లీషులో "ఐ రోట్ సమ్ కోడ్" అనాలి. ఎర్రర్ కోడ్స్, ఓటీపీ కోడ్స్ లాంటి గుర్తు సంఖ్యలకు మాత్రం బహువచనం ఉంది. "డేటా ఈజ్" అనాలా "డేటా ఆర్" అనాలా అని మథనపడక్కర్లేదు. ఐటీలో "ఈజ్" అనేస్తారు.

లాగిన్, బ్యాకప్, సెటప్ ఇంగ్లీషులో ఒకే మాటగా రాయాలా, విడదీసి రాయాలా?

పేరుగా వాడితే కలిపి, పనిగా వాడితే విడదీసి. "ది లాగిన్ పేజ్" కలిపి రాస్తారు. "ప్లీజ్ లాగ్ ఇన్" అన్నప్పుడు మధ్యలో ఖాళీ ఉంటుంది. బ్యాకప్, సెటప్, షట్‌డౌన్, రోలవుట్ అన్నీ ఇదే దారి.

మా ఉచ్చారణలో ఎక్కువగా దొర్లే తప్పులు ఏవి?

తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా కొన్ని ఉన్నాయి. "ఎ"తో మొదలయ్యే మాటకు ముందు మనకు తెలియకుండానే ఒక "య" వచ్చి చేరుతుంది: ఎర్రర్ "యెర్రర్" అవుతుంది, ఎండ్‌పాయింట్ "యెండ్‌పాయింట్" అవుతుంది. "ఓ"కు ముందు "వ" దూరి, ఓపెన్ కాస్తా "వోపెన్" అవుతుంది. మాట చివర "ఉ" తగిలించడం ఇంకొకటి: సర్వరు, టెస్టు, బగ్గు. తెలుగు వాక్యంలో అవే సరైన రూపాలు, అందులో సిగ్గుపడేదేమీ లేదు. ఇంగ్లీషు వాక్యంలోకి వెళ్ళేటప్పుడు మాత్రం ఆ తోక కత్తిరించుకోవాలి. "జీరో", "జిప్", "రీసైజ్"లలో ఉన్న ధ్వని మన "జ" కాదు. "స" పలుకుతూ దానికి గొంతు కలిపితే అది వస్తుంది.

మిగతావి దేశమంతా చేసే తప్పులే. క్యాషే కాదు, క్యాష్. టెక్నికల్ డెబ్ట్ కాదు, టెక్నికల్ డెట్. ఆర్చివ్ కాదు, ఆర్కైవ్. సబ్టిల్ కాదు, సటిల్. గిఫ్ అనాలా జిఫ్ అనాలా అన్న తగవులోకి దిగకండి. ఆ బొమ్మల ఫార్మాట్ తయారుచేసిన స్టీవ్ విల్‌హైట్ జిఫ్ అనే అనాలని చెప్పినా జనం వినలేదు.

ప్రీపోన్, డూ ది నీడ్‌ఫుల్, రివర్ట్... ఇవి తప్పుడు ఇంగ్లీషేనా?

"ప్రీపోన్" చక్కటి మాట, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోనూ చేరింది. మన ఆఫీసుల్లో నిక్షేపంలా వాడండి. అమెరికా క్లయింటుకు మాత్రం "కెన్ వీ మూవ్ ది కాల్ అప్?" అంటే తేలిగ్గా అందుతుంది. "డూ ది నీడ్‌ఫుల్" తప్పు కాదు, అందులో సమాచారం లేదు. ఏం చేయాలో అదే రాయండి. జాగ్రత్త పడాల్సింది "రివర్ట్"తోనే. మనకు అది జవాబివ్వడం. ఇంజనీర్లకు అది చేసిన మార్పును వెనక్కి తీయడం. "ప్లీజ్ రివర్ట్ బై ఈవెనింగ్" అన్న మెయిల్ చూసి అవతలి దేశంలో ఎవరైనా నిన్నటి కోడ్ తీసేస్తే ఆ పాపం ఎవరిది?

"రిడండెంట్" మంచి మాటా, చెడ్డ మాటా?

సర్వర్లకు మంచిది, మనుషులకు చెడ్డది. "రిడండెంట్ పవర్ సప్లై" అంటే ఒకటి పోతే ఇంకొకటి ఉందన్నమాట. బ్రిటిష్ కంపెనీ మెయిల్‌లో "యువర్ రోల్ హ్యాజ్ బికమ్ రిడండెంట్" అని వస్తే రెజ్యూమే బయటికి తీయాలి.

ఎన్‌క్రిప్షన్, హ్యాషింగ్, ఎన్‌కోడింగ్: ఇంటర్వ్యూలో తడబడ్డాను. సులువుగా ఎలా చెప్పాలి?

"ఎన్‌కోడింగ్" అంటే రూపం మార్చడమే, రహస్యం ఏమీ లేదు. ఎవరైనా వెనక్కి మార్చుకోవచ్చు. "ఎన్‌క్రిప్షన్" అయితే తాళం చెవి ఉన్నవాళ్ళే వెనక్కి మార్చగలరు. "హ్యాషింగ్" వెనక్కి రాని దారి. అందుకే పాస్‌వర్డులను హ్యాష్ చేసి దాస్తారు. మీరు పాస్‌వర్డ్ మర్చిపోయారంటే మీ పాతదాన్నే మెయిల్‌లో పంపే సైటు ఉందనుకోండి, వాళ్ళు హ్యాష్ చేయలేదని అక్కడే తెలిసిపోయింది. దీన్ని ఇంగ్లీషులో "పాస్‌వర్డ్స్ షుడ్ బి హ్యాష్‌డ్, నాట్ ఎన్‌క్రిప్టెడ్" అని ఒక్క ముక్కలో చెప్పొచ్చు.

ఇంటర్నెట్‌లో మనల్ని బుట్టలో వేసే పద్ధతుల గురించి మాట్లాడాలంటే?

ఇక్కడ ఇంగ్లీషు మాటలు భలే ఉంటాయి. డిజైన్‌తో మోసం చేయడాన్ని "డార్క్ ప్యాటర్న్స్" అంటారు; హ్యారీ బ్రిగ్నల్ అనే డిజైనర్ 2010లో పెట్టిన పేరు. మన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్‌లో వీటిమీద మార్గదర్శకాలు ఇచ్చి 13 రకాలను పేర్కొంది. "ఇంకా రెండే మిగిలాయి, త్వరపడండి" అని అబద్ధం చెప్పి తొందరపెట్టడం "ఫాల్స్ అర్జెన్సీ". మీరు ఎంచుకోని వస్తువునో, విరాళాన్నో బిల్లులో కలపడం "బాస్కెట్ స్నీకింగ్". "వద్దు, నాకు డబ్బు ఆదా చేసుకోవడం ఇష్టం లేదు" అని రాసి ఉన్న బటన్ నొక్కిస్తే అది "కన్ఫర్మ్ షేమింగ్". చేరడం ఒక్క నొక్కుతో, మానేయడం మాత్రం తల ప్రాణం తోకకు వచ్చేలా ఉంటే "సబ్‌స్క్రిప్షన్ ట్రాప్". మొదట ఒక ధర చూపించి చివరి పేజీకి వచ్చేసరికి పెంచుకుంటూ పోవడం "డ్రిప్ ప్రైసింగ్". కంపెనీకి ఫిర్యాదు మెయిల్ రాసేటప్పుడు "యూ చీటెడ్ మీ" అనేకంటే "దిస్ ఈజ్ బాస్కెట్ స్నీకింగ్, ఎ స్పెసిఫైడ్ డార్క్ ప్యాటర్న్ అండర్ ది 2023 గైడ్‌లైన్స్" అని రాసి చూడండి. చదివేవాళ్ళు సర్దుకుని కూర్చుంటారు.

"డేటా ప్రిన్సిపల్" అంటే ఎవరు?

మీరే. 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టంలో, ఎవరి సమాచారమో ఆ మనిషి డేటా ప్రిన్సిపల్. ఆ సమాచారాన్ని ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించే సంస్థ "డేటా ఫిడ్యూషరీ".

బ్రెయిన్ రాట్, స్లాప్ లాంటి కొత్త మాటలు ఆఫీసులో వాడొచ్చా?

కాఫీ దగ్గర వాడండి, రిపోర్టులో వద్దు. ఆక్స్‌ఫర్డ్ 2024కు ఏడాది మాటగా ఎంచుకున్నది "బ్రెయిన్ రాట్" (పనికిరాని ఆన్‌లైన్ సరుకు చూసీ చూసీ బుర్ర మొద్దుబారడం), మెరియమ్-వెబ్‌స్టర్ 2025కు ఎంచుకున్నది "స్లాప్". ఏఐతో కుప్పలుగా పోసే పనికిమాలిన సరుకుకు స్లాప్ అని పేరు. "హల్యూసినేట్" మాత్రం వేరే సంగతి. లేనిదాన్ని ఉన్నట్టు ఏఐ నమ్మకంగా చెప్పడానికి అది మామూలు మాట అయిపోయింది, కేంబ్రిడ్జ్ 2023కే దాన్ని ఎంచుకుంది. రిపోర్టులో రాసినా ఎవరూ కళ్ళు ఎగరేయరు.

"ఐ డోంట్ హ్యావ్ బ్యాండ్‌విడ్త్", "లెట్స్ టేక్ ఇట్ ఆఫ్‌లైన్": ఇవి నేర్చుకోవాలా?

అర్థం చేసుకోవడానికి నేర్చుకోండి, మాట్లాడటానికి అక్కర్లేదు. "టేక్ ఇట్ ఆఫ్‌లైన్" అంటే ఈ సంగతి విడిగా మాట్లాడుకుందామని. ఒక్కోసారి ఇక ఊరుకో అని కూడా. "ఐ డోంట్ హ్యావ్ బ్యాండ్‌విడ్త్" అంటే నాకిప్పుడు తీరిక లేదని. దానికి బదులు నా మటుకు నాకు "ఐ కాంట్ టేక్ దిస్ అప్ దిస్ వీక్" అన్నదే శుభ్రంగా వినిపిస్తుంది. "బైక్‌షెడింగ్" మాత్రం దాచుకోదగ్గ మాట: అసలు పెద్ద విషయం వదిలేసి బటన్ రంగు మీద గంటసేపు వాదించుకోవడం.

బ్లాక్‌లిస్ట్, వైట్‌లిస్ట్ అనకూడదంటున్నారు. నిజమా?

నలుపంటే చెడు, తెలుపంటే మంచి అన్న ధ్వని వద్దని చాలా కంపెనీలు "బ్లాక్‌ లిస్ట్"లోని నలుపును తీసేసి, అడ్డుకోవడం అనే అర్థంతో "బ్లాక్‌లిస్ట్" అనీ లేదా "డినైలిస్ట్" అనీ, రెండోదానికి "అలౌలిస్ట్" అనీ రాస్తున్నాయి. మన లిపిలో ఆ రెండు బ్లాక్‌లూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి "డినైలిస్ట్" వాడటమే తేలిక. కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్ కూడా 2020 అక్టోబర్ 1 నుంచి కొత్త రిపోజిటరీల్లో "మాస్టర్" బ్రాంచి పేరును "మెయిన్"గా మార్చింది. మీ టీమ్ ఏది వాడితే అది వాడండి.

ఈ మాటలన్నీ ఇంట్లోవాళ్ళకు ఎలా చెప్పాలి? మా నాన్న ఊళ్ళో ఉంటారు, ఫిషింగ్ అంటే చేపలు పట్టడం అనుకుంటారు.

నాన్నగారికి మాట అక్కర్లేదు, గుర్తుపట్టడం వస్తే చాలు. "నాన్నా, బ్యాంకు పేరుతో ఎవరు లింకు పంపినా నొక్కొద్దు. ఓటీపీ నాకు కూడా చెప్పొద్దు" అనండి. "డిజిటల్ అరెస్ట్" అనే మాట ఒక్కటి మాత్రం ఆయన చెవిన వేయండి. అలాంటి అరెస్టు మన చట్టంలో లేదని, వీడియో కాల్‌లో పోలీసు బట్టలు వేసుకున్నవాడు బెదిరిస్తే ఫోన్ పెట్టేయమని, డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలని చెప్పండి. ఆ నంబరు ఆయన ఫోన్లో మీరే సేవ్ చేసి రండి.

రోజూ ఏం చదవాలి?

నిఘంటువులు వద్దు. పెద్ద కంపెనీలు అవుటేజ్ అయ్యాక తమ సైట్లలో పెట్టే పోస్ట్‌మార్టమ్‌లు చదవండి. ఏం జరిగింది, ఎప్పుడు, ఎందుకు, ఏం చేశామన్న వరసలో శుభ్రమైన ఇంగ్లీషులో ఉంటాయి. పర్పుల్ లైన్‌లో మెజెస్టిక్ నుంచి వైట్‌ఫీల్డ్ చేరేలోపు ఒకటి అయిపోతుంది. నచ్చిన వాక్యం ఒకటి ఎత్తి రాసుకుని, ఆ వారం మీ టికెట్‌లో ఎక్కడో ఒకచోట వాడేయండి.

ఇంటర్వ్యూలో అస్సలు తెలియని మాట వస్తే?

తెలిసినట్టు తలూపకండి, తర్వాతి ప్రశ్నలోనే దొరికిపోతారు. మీకు తోచిన అర్థం చెప్పి సరిచూసుకోండి. ఉదాహరణకు వాళ్ళు "ఈజ్ యువర్ పేమెంట్ ఏపీఐ ఐడెంపొటెంట్?" అన్నారనుకోండి. "డు యు మీన్, ఇఫ్ ది సేమ్ రిక్వెస్ట్ కమ్స్ ట్వైస్, ది కస్టమర్ ఈజ్ చార్జ్‌డ్ ఓన్లీ వన్స్?" అని అడగండి. ఆ మాటకు అర్థం సరిగ్గా అదే: పే బటన్ రెండుసార్లు నొక్కినా డబ్బు ఒక్కసారే పోవాలి. మీ ఊహ తప్పినా వాళ్ళు సరిదిద్ది ముందుకు వెళ్తారు, మీకు కాస్త ఆలోచించుకునే వ్యవధి కూడా దొరుకుతుంది.